కాలవ అవతల పొయ్యి

మా మామగారిని ఒక ఊరికి పెద్దని చేసింది మావారు. నిజం ఊరు కాదు, కంప్యూటర్ ఆటలో ఊరు. ఆ తర్వాత ఆ ఊళ్ళో జరిగినదానికి మా ఇంట్లో ఎవరూ బాధ్యులు కారు. ఎందుకంటే అది ఆటే కదా! ఈ 'ఆటే కదా' అన్న మాట ఎన్నిసార్లు విన్నానో గాని, ఇప్పుడు వీధిలో పిల్లలు అనుకున్నా కిటికీ మూసేస్తాను.

నేను డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాను. డయానా జువాలజీ. విజయవాడలో ఒకే కాలేజీలో ఉన్నన్నాళ్ళూ మధ్యాహ్నం ల్యాబ్ వెనక బల్ల మీద క్యారేజీలు విప్పి ఒకరి దాంట్లోంచి ఒకరం తినేవాళ్ళం. నా దొండకాయ వేపుడు తను ఖాళీ చేసేది. తన గోంగూర పప్పు నేను ఖాళీ చేసేదాన్ని. చేప తెచ్చుకున్న రోజు మాత్రం "నువ్వు అటు తిరుగు" అని నా మొహం గోడ వైపుకి తిప్పి గబగబా తినేసేది. అలాంటి మనిషికి బందరు బదిలీ అయింది. ఆ తర్వాత స్టాఫ్ రూములో పీఆర్సీ గురించీ అపార్టుమెంట్ల గురించీ నమిలిందే నమిలే జనం మధ్య కూర్చుని తినటం నా వల్ల కాలేదు. ఎన్నో రోజులు క్యారేజీ సగం అలాగే వెనక్కి తెచ్చాను.

ఒక రోజు డయానాయే ఫోన్ చేసింది.

"అపూ, మా స్టూడెంట్లు ఒక ఆట ఆడతన్నారే. ఇద్దరం కలిసి ఆడుకోవచ్చు. నువ్వక్కడ, నేనిక్కడ, కానీ ఒకే ఊళ్ళో ఉంటాం."

"నలభై దాటాక నాకు ఆటలేంటే?"

"నాకు మాత్రం ఇరవయ్యేంటి? డౌన్‌లోడ్ పెట్టు ముందు."

పెట్టాను. ఒక నది, నది మధ్య ఖాళీ నేల, ఒడ్డున ఇద్దరికీ చెరొక గొడ్డలి. అంతే ఇస్తారు మొదట్లో. చెట్లు కొట్టుకోవాలి, ఇళ్ళు కట్టుకోవాలి, పాదులు పెట్టుకోవాలి, చేపలు పట్టుకోవాలి. ఆటలో చీకటి పడితే నీళ్ళలోంచి నాచు పట్టిన ఆకారాలు లేచి వస్తాయి. వాటిని కలిసి తరమాలి, ఒక్కరి వల్ల కాదు. చీకటి పడేలోపు అందరూ ఒకే పొయ్యి చుట్టూ కూర్చుని ఆ పొయ్యి మీద వండింది తింటే ఒంట్లోకి రెట్టింపు బలం వస్తుంది. విడిగా ఏ కాయో పండో తిన్నవాడికి సగం బలమే. పడిపోయినవాణ్ణి ఇంకొకరు వచ్చి చెయ్యి పట్టుకుని లేపాలి. ఆ ఆట తయారు చేసినవాళ్ళు ఏ దేశం వాళ్ళో గాని, వాళ్ళకి మా మామగారి గురించి తెలియదు.

ఆ నేలకి మేము 'లంక' అని పేరు పెట్టుకున్నాం. కృష్ణలో ఉండే లంకలు చూస్తూ పెరిగినవాళ్ళం, ఇంకేం పేరు తోస్తుంది. ఊరు ఎవరి కంప్యూటర్లో దాచి ఉంటే వాళ్ళే తెరవాలి. తెరిస్తే ఒక కోడ్ వస్తుంది. ఆ కోడ్ పంపితే రెండోవాళ్ళు లోపలికి వస్తారు. తెరిచినవాళ్ళని హోస్ట్ అంటారు. హోస్ట్ మూసేస్తే ఊరు మూతపడుతుంది. కట్టిన ఇల్లు ఎత్తి ఇంకోచోట పెట్టే అధికారం కూడా హోస్ట్‌కే ఉంటుందట. ఊరు నా లాప్‌టాప్‌లో ఉన్నన్నాళ్ళూ అలాంటి అధికారం ఒకటి ఉందని కూడా నాకు తెలియలేదు.

సాయంత్రం కాఫీ తాగాక నేను కోడ్ పంపేదాన్ని. "వస్తన్నా" అని డయానా వచ్చేది. హెడ్‌సెట్‌లో మాట్లాడుకుంటూ చెట్లు కొట్టేవాళ్ళం. ప్రిన్సిపాల్‌ని తిట్టుకుంటూ చేపలు పట్టేవాళ్ళం. డయానా తన ఇల్లు సరిగ్గా ఊరి నడిమధ్యన కట్టుకుంది. పెద్ద అరుగు, అరుగు ముందు పొయ్యి. రేవు నుంచి ఎటు వెళ్ళినా ఆ అరుగు ముందునుంచే వెళ్ళాలి.

"దారికి అడ్డంగా ఇక్కడెందుకే?" అన్నాను ఒకసారి.

"మా అమ్మగారి ఊళ్ళో మా పేట మురుక్కాలవ అవతల" అంది డయానా. వాళ్ళది కూచిపూడి పక్కన ఒక పల్లె. దళితపేట ఊరికి దూరంగా ఉండేదని ఎప్పుడో చెప్పింది. "వానాకాలం బడికి పోవాలంటే తాటిమొద్దు మీద నడిచి దాటాలి. పుస్తకాలు నెత్తిన పెట్టుకుని, జారితే బురదలోకే. ఒక్క ఊళ్ళోనన్నా నడిమధ్యన ఉందామని."

అని నవ్వేసింది. నేను మాట మార్చలేదు, పెంచలేదు. నా ఇల్లు తీసుకెళ్ళి తన ఇంటి పక్కన కట్టుకున్నాను.

మా మామగారు అచ్యుతరామారావు గారు హెడ్మాస్టరుగా రిటైరయ్యారు. ఆగస్టు పదిహేనుకి జెండా కింద నిలబడి మనుషులంతా ఒక్కటేనని ఆయన మాట్లాడుతుంటే పిల్లలు చప్పట్లు కొట్టేవారట. అంటరానితనం మీద వ్యాసరచన పోటీలు పెట్టించి బహుమతులు ఇచ్చేవారట. మా గృహప్రవేశానికి డయానా వస్తే పంక్తిలో కూర్చోబెట్టి స్వయంగా పులిహోర వడ్డించారు. "మా ఇంట్లో ఇలాంటి పట్టింపులేం లేవమ్మా" అని గదిలో ఉన్న నలుగురికీ వినపడేలా అన్నారు. డయానా తలొంచుకుని తింది. ఇంత మంచి మామగారు దొరకటం నా అదృష్టమని ఆ రోజు మా చుట్టాలావిడ ఒకరు నాతో అన్నారు కూడా.

కంటి ఆపరేషన్ అయ్యాక ఆయనకి కాలక్షేపం తగ్గింది. నా కుర్చీ వెనకాల చేతులు కట్టుకుని నిలబడటం మొదలుపెట్టారు. "ఆ మూల చెట్టు కొట్టమ్మా. అలా కాదు, మొదట్లో కొట్టాలి." పరీక్ష హాల్లో పిల్ల వెనకాల నిలబడ్డట్టు ఉండేది. మావారు శరత్‌చంద్రకి మాత్రం పరమానందం. నాన్నకి దేనిమీదో ఒకదానిమీద ధ్యాస కలిగిందని కొత్త డెస్క్‌టాప్ కొనుక్కొచ్చి హాల్లో పెట్టారు. తండ్రితోపాటు తనూ ఆటలో దూరారు. నలుగురం అయ్యాం. నా పాత లాప్‌టాప్ నలుగుర్ని మోయలేక రొదపెట్టి మధ్యమధ్యలో అందర్నీ బయటికి తోసేసేది.

ఒకరోజు పరీక్షల డ్యూటీ చేసుకుని ఇంటికి వచ్చేసరికి శరత్ నవ్వుతూ ఎదురొచ్చారు.

"ఇంక నీ లాప్‌టాప్ వేడెక్కదు. ఊరు మొత్తం నాన్న కంప్యూటర్లోకి మార్చేశాను. నీ దాంట్లో చోటు లేదని అక్కడిది తీసేశాను కూడా."

"అంటే హోస్ట్ మామయ్యగారా?"

"ఆయన ఉండగా ఇంకెవరుంటారు? పెద్దాయన పేరు మీద ఉంటేనే బావుంటుంది."

నిజమే, మా ఇంట్లో అన్నీ ఆయన పేరు మీదే. ఫ్లాటు ఆయన పేరు మీద, గ్యాసు ఆయన పేరు మీద, కారు, ఇంటర్నెట్టు, ఆఖరికి నా ఫోన్లో సిమ్ము కూడా. ఈ విషయం చెప్పి డయానా, నేను ఎన్నోసార్లు నవ్వుకున్నాం. ఆ రోజు మాత్రం నాకు అలసటగా ఉంది. సరేలెండి అని కాళ్ళు కడుక్కోవటానికి వెళ్ళాను.

ఆ మర్నాటి నుంచి లంకకి కొత్త పద్ధతులు వచ్చాయి. మామయ్యగారు సంధ్యవార్చుకుని, పంచాంగంలో వర్జ్యం చూసుకుని గాని సెషన్ తెరవరు. ఆదివారం రాహుకాలం దాటేదాకా కోడ్ రాదు. కోడ్‌తో పాటు ఒక పాస్‌వర్డ్ కూడా పెట్టారు. ఆ పాస్‌వర్డ్ మా గోత్రం. బందరులో కూర్చుని డయానా రోజూ కౌండిన్యస అని టైపు చేసి లోపలికి వచ్చేది.

"మీ గోత్రం నాకు మీ ఆయన కంటే బాగా వచ్చేసిందే" అనేది నాతో. లోపలికి రాగానే మామయ్యగారు హాజరు పిలిచేవారు. "శరత్? అపూర్వ? డయానా?" డయానా "ప్రెజెంట్ మాస్టారూ" అనేది, ఆ గొంతులో నవ్వు నాకు ఒక్కదానికే తెలిసేది. అంతవరకు నాకూ సరదాగానే ఉంది.

మొదటి గొడవ చేపలతో వచ్చింది. చీకటి పడబోతుంటే డయానా పొయ్యి మీద చేపలు కాల్చి అందర్నీ పిలిచింది. శరత్, నేను వెళ్ళి కూర్చున్నాం.

"మాస్టారూ, రండి. చీకటి పడతంది."

"చేపలు తింటామా అమ్మా మేము?"

"ఆటలో వాసన రాదండీ" అంది డయానా.

"ఎక్కడైనా అలవాటు అలవాటేనమ్మా."

ఇందులో తప్పేముందని నేనే ఆయన తరఫున మాట్లాడాను. డయానా కూడా ఏమీ అనుకోలేదు. మర్నాడు ఆయన కోసమే గుమ్మడిపాదు పెట్టింది. కాయలు కాశాక పులుసు పెట్టి, పొయ్యి మీద చేప కనపడకుండా తీసేసి మరీ పిలిచింది. మామయ్యగారు రాలేదు. ఆయన బొమ్మ ఊరి చివర అరటిచెట్టు కింద నిలబడి అరటిపళ్ళు తింటోంది.

"ఇవాళ శనివారం, ఒంటిపూట" అన్నారు హెడ్‌సెట్‌లో.

మర్నాడు శనివారం కాదు. ఆకలిలేదన్నారు. ఆ మర్నాడు పళ్ళే ఒంటికి మంచివన్నారు. సగం బలంతో తిరుగుతూ చీకటి పడగానే నీళ్ళలో పడిపోయేవారు. డయానా పరిగెత్తుకెళ్ళి చెయ్యి పట్టుకుని లేపేది. అప్పుడు మాత్రం ఏ అభ్యంతరమూ లేదు. "బతికించావమ్మా" అనేవారు. మళ్ళీ అరటిచెట్టు దగ్గరికి పోయేవారు. నాకు లోపల ఏదో మెల్లగా వెగటుగా మొదలైంది గాని, అది ఇదీ అని పేరు పెట్టుకోవటానికి ఇంకా మనసొప్పలేదు.

ఒక ఆదివారం రాహుకాలం దాటాక కోడ్ వచ్చింది. లోపలికి వెళ్ళేసరికి ఊరి మధ్యలో డయానా ఇల్లు లేదు. అరుగు లేదు. పొయ్యి ఉన్నచోట నల్లటి మరక మిగిలింది. కాసేపటికి డయానా వచ్చింది. తన బొమ్మ ఆ మరక దగ్గర నిలబడిపోయింది.

"మాస్టారూ, నా ఇల్లేదండీ?"

"అదిగో అమ్మా, కాలవ అవతల" అన్నారు మామయ్యగారు. పాదులకి నీళ్ళు పెట్టటానికి మేమిద్దరం తవ్వుకున్న కాలవ అది. దాని అవతల జమ్ము తప్ప ఏమీ లేదు. "ఊరి నడిమధ్యన బ్రహ్మస్థానం ఉంటుంది. అక్కడ పొయ్యి ఉండకూడదు, వాస్తు ఒప్పుకోదు. ఆ పక్కన నీకు విశాలంగా ఉంటుందమ్మా."

డయానా బొమ్మ కాలవ వైపు తిరిగింది. "సరేనండీ" అంది. గొడ్డలి తీసి ఒక చెట్టు కొట్టింది. ఆ మొద్దుని కాలవకి అడ్డంగా వేసింది. దాని మీద నడుచుకుంటూ అవతలికి వెళ్ళింది.

ఆ మొద్దు మీద తన బొమ్మ నడుస్తుంటే నాకు ఒళ్ళంతా చీదర పుట్టింది. మా కాలేజీ దారిలో రైవస్ కాలవ పక్కన ఎండాకాలం ముక్కు మూసుకుని నడుస్తాను. ఆ కంపు నయం. పేట గురించీ తాటిమొద్దు గురించీ ఆయనకి ఎవరూ చెప్పలేదు. నేను చెప్పలేదు, డయానా చెప్పలేదు. అయినా ఇల్లు ఎత్తి పెట్టాల్సొచ్చేసరికి ఆయన చెయ్యి సరిగ్గా కాలవ అవతలే పెట్టింది. ఎవరూ నేర్పక్కర్లేదు ఆ చేతికి.

శరత్‌ని వంటింట్లోకి పిలిచి అడిగాను.

"మీ నాన్నగారు చేసింది చూశారా?"

"వాస్తు పిచ్చి ఆయనకి ఎప్పట్నుంచో ఉన్నదేగా. మన మంచం కూడా ఆయన చెబితేనేగా తిప్పాం? ఆటే కదా అపూర్వా."

"డయానాకి ఎలా ఉంటుంది?"

"ఆవిడేం అనుకోలేదుగా. సరేనంది. నువ్వెందుకు పెద్దది చేస్తావు?"

బాధపడ్డవాళ్ళు నోరు మూసుకుంటే చాలు మా ఆయనకి, అంతా సవ్యంగా ఉన్నట్టే. ఆ మొహంలో నిజంగానే ఏ కల్మషమూ కనపడలేదు. అందుకు మరీ అసహ్యం వేసింది.

వాస్తు సంగతి మర్నాడే తేలిపోయింది. సెషన్‌లోకి వెళ్ళేసరికి ఊరి నడిమధ్యన పొగ లేస్తోంది. డయానా పొయ్యి ఉన్న ఆ నల్లమరక మీదే, అంగుళం అటూ ఇటూ కాకుండా, మామయ్యగారు తన పొయ్యి పెట్టుకున్నారు. పైగా దాని మీద గుమ్మడికాయ పులుసు. ఆ గుమ్మడికాయలు డయానా పాదువి.

"రండమ్మా, అందరూ భోజనానికి రండి" అని పిలిచారు సంబరంగా. "డయానా, నువ్వు కూడా రా. నీకూ వడ్డిస్తాను."

డయానా బొమ్మ కాలవ అవతల గట్టున ఉంది. కదల్లేదు.

"ఆకలి లేదు మాస్టారూ" అంది. తెర మీద పక్కన ఉండే పేర్లలో నుంచి తన పేరు పోయింది.

ఆ క్షణాన నాకు గృహప్రవేశం నాటి పులిహోర గుర్తొచ్చింది. వడ్డించటానికి ఆయనకి ఎప్పుడూ అడ్డు లేదు. ఎంతైనా పెడతారు, నలుగురూ చూస్తుండగా పెడతారు. డయానా చేతి వంట మాత్రం తినరు. పెట్టే చెయ్యి ఎప్పుడూ తనదే కావాలి, చాచే చెయ్యి ఎప్పుడూ ఎదుటివాళ్ళది కావాలి. ఇన్నేళ్ళుగా మంచితనం అని మేమంతా మురిసిపోయింది ఇదా అనుకుంటే నోట్లో చేదు ఊరింది.

పొద్దున్నే మామయ్యగారు పేపరు చదువుకుంటుంటే ఎదురుగా వెళ్ళి కూర్చున్నాను. మా అత్తగారు త్రిపురసుందరి గారు పక్కన చిక్కుళ్ళు ఒలుస్తున్నారు.

"బ్రహ్మస్థానంలో పొయ్యి ఉండకూడదని డయానాని కాలవ అవతల ఉండమన్నారుగా మామయ్యగారూ?"

"అన్నాను."

"మరి మీ పొయ్యి అక్కడే పెట్టారు."

ఆయన పేపరు మడిచారు. కోపం తెచ్చుకోలేదు. పాఠం అర్థంకాని పిల్లకి చెప్పినట్టు చెప్పారు.

"చూడమ్మా, నేను ఎవర్నీ తక్కువగా చూసేవాణ్ణి కాదు, నీకు తెలుసు. ఆ అమ్మాయికి పెట్టమను, కడుపు నిండా పెడతాను. ఆ అమ్మాయి వండింది తినమంటే మాత్రం, చిన్నప్పట్నుంచీ వచ్చింది, చెయ్యి వెళ్ళదు. ఊరి మధ్యలో అదొక్కటే పొయ్యి అయితే ఎలా చెప్పు?"

"తినేది మీరు కాదు కదండీ. బొమ్మ."

"బొమ్మయినా నా పేరు పెట్టుకున్న బొమ్మేగా అమ్మా" అన్నారాయన, ఎంతో మృదువుగా.

అత్తయ్యగారు చిక్కుడుకాయ ఈనె లాగి పళ్ళెంలో పడేశారు. "నాకు నెలనెలా మూడు రోజులు వంటింటి గడపే కాలవ" అన్నారు, ఎవరి వైపూ చూడకుండా. "అవతల కూర్చోబెట్టి కంచంలోకి వడ్డించేవారు. కడుపు నిండానే వడ్డించేవార్లే."

"ఆ కబుర్లు ఇప్పుడెందుకు?" అన్నారు మామయ్యగారు. పేపరు మళ్ళీ విప్పుకున్నారు.

నాకు ఆయన చేతివేళ్ళ వంక చూడబుద్ధి కాలేదు. నా కాఫీ గ్లాసు అక్కడే వదిలేసి లేచి వచ్చాను.

ఆ సాయంత్రం ఆయన పార్కుకి వెళ్ళినప్పుడు డెస్క్‌టాప్ ముందు కూర్చుని ఊరు మొత్తం పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకున్నాను. నా లాప్‌టాప్‌లోంచి దాన్ని మెయిల్లో డయానాకి పంపించాను. ఊరు తన దగ్గరుంటే తనే హోస్ట్. ఇల్లు ఎత్తి ఎక్కడుండేదో అక్కడ పెట్టుకోవచ్చు. అంతా సర్దేశాననుకుని తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాను. కాసేపటికి డయానా ఫోన్ చేసింది.

"వచ్చిందే. తెరిచి చూశాను."

"మళ్ళీ మధ్యలోకి పెట్టేసుకో. ఇప్పుడు హోస్టువి నువ్వే."

"పెట్టుకోవచ్చు" అంది. "అపూ, మీ ఇంట్లో అన్నీ ఆయన పేరు మీదే అని నువ్వే చెప్పి నవ్వేదానివి. నా ఇల్లు కూడా తీసుకెళ్ళి ఆయన పేరు మీదే పెట్టేశారు. పెట్టేముందు నువ్వన్నా నన్నొక మాట అడగలేదు."

"శరత్ మార్చారే. నేను వచ్చేసరికే..."

"వచ్చాకన్నా అడగలేదుగా. మీ మాస్టార్ని అనటానికేముంది, అలాంటోళ్ళని పుట్టినప్పట్నుంచీ చూస్తన్నా. తాళం నీ దగ్గరుందిలే అనుకున్నా నేను."

తిట్టినా బాగుండేది. తిట్టలేదు. పిల్లల పేపర్లు దిద్దుకోవాలని చెప్పి ఫోన్ పెట్టేసింది. తర్వాత నేను పంపిన మెసేజీలకి 'బావున్నా', 'పనుంది' అని మాత్రం జవాబులు వచ్చేవి. క్యారేజీ మళ్ళీ సగం వెనక్కి రావటం మొదలైంది. మా ఇంట్లో గ్యాసు బండ నుంచి గోడ మీద గడియారం దాకా ఏది చూసినా నాకు ఒకే పేరు కనపడేది, ఏది ముట్టుకున్నా జిడ్డుగా ఉండేది. నా సిమ్ము మాత్రం వెళ్ళి నా పేరు మీదకి మార్పించుకొచ్చాను. శరత్ ఎందుకని అడిగారు. చెప్పబుద్ధి కాలేదు.

మామయ్యగారు మాత్రం సెషన్లు మానలేదు. సంధ్యవార్చుకుని, వర్జ్యం చూసుకుని, మా నలుగురి గ్రూపులో కోడ్ పెట్టేవారు. నేను వెళ్ళేదాన్ని కాదు. శరత్ కొన్నాళ్ళు వెళ్ళి, ఇద్దరి వల్ల కావటం లేదని మానేశారు. పెద్దాయన ఒక్కరే ఊరి నడిమధ్యన పులుసు వండుకుని, ఒక్కరే తిని, చీకటి పడగానే నీళ్ళ దగ్గర పడిపోయేవారు. ఆయన బొమ్మ పడిపోయిన చప్పుడు హాల్లోంచి నా గదిలోకి వినపడేది. లేపేవాళ్ళు లేక ఆట మొదటికి వచ్చేది.

వానలు తగ్గాక ఒక సాయంత్రం డయానా ఫోన్ చేసింది. హలో కూడా అనలేదు.

"కోడ్ పంపాను చూడు. కొత్త లంక. ఏం లేదు అందులో, చెట్లే. ఈసారి నా కంప్యూటర్లో ఉంటది, నా దగ్గరే ఉంటది."

"ఉండనీ. పాస్‌వర్డ్?"

"పాస్‌వర్డేం లేదు. గొడ్డలి పట్టుకునిరా."

వెళ్ళాను. ఇద్దరం చెట్లు కొట్టాం. మెల్లగా ప్రిన్సిపాల్ సంగతి వచ్చింది. డయానా మళ్ళీ ఊరి నడిమధ్యనే ఇల్లు కట్టుకుంది. అరుగు ముందు పొయ్యి పెట్టుకుంది. ఇక్కడ కూడా పాదుల కోసం ఒక కాలవ తవ్వుకున్నాం.

ఈ కబురు శరత్ నోట మామయ్యగారికి చేరింది. మరో ఆదివారం సాయంత్రం, రాహుకాలం దాటాక, నన్ను హాల్లోకి పిలిచారు.

"ఏమ్మా, ఆ అమ్మాయి కొత్త ఊరు పెట్టిందటగా. నాకిక్కడ తోచటం లేదు. నన్నూ రమ్మనమను. మాస్టారు అడిగారని చెప్పు, కాదనదు."

కాదనదట! ఆ ధీమా చూసి నాకు నవ్వొచ్చింది. అయినా ఆయన చూస్తుండగానే డయానాకి మెసేజ్ పెట్టాను. జవాబు వెంటనే వచ్చింది. గదిలో ఉన్నవాళ్ళందరికీ వినపడేలా చదివాను.

"రమ్మను. కాలవ అవతల చోటుంది."

శరత్ తల దించుకుని ఫోన్ చూసుకోసాగారు. అత్తయ్యగారు దీపానికి ఒత్తులు చేస్తున్నవారల్లా ఆపేశారు. మామయ్యగారు కళ్ళజోడు తీసి పంచె అంచుతో తుడుచుకున్నారు. ఇన్నాళ్ళకి తగిలింది, ఇప్పుడన్నా సిగ్గుపడతారు అనుకున్నాను. నిజంగానే అనుకున్నాను.

"అవతలైతే ఫర్వాలేదులే" అన్నారాయన ఆలోచించి. "పొయ్యి మాత్రం వేరే పెట్టుకోనిస్తుందా, అడుగు."

ఊరి అవతల ఉండమన్నందుకు ఆ మనిషికి ఏమీ కాలేదు. ఒకరి పొయ్యి మీది తిండి తినాల్సొస్తుందేమోనన్నదే భయం. అది తప్పితే ఎక్కడైనా ఉంటారు, జమ్ములో అయినా ఉంటారు. ఇంతకంటే రోత నేను నా జన్మలో చూడలేదు.

"ఒకటే పొయ్యండీ" అన్నాను. "ఊరి మధ్యలో. డయానాది. ఆ ఊళ్ళో ఎవరైనా అదే తినాలి."

ఆయన కళ్ళజోడు పెట్టుకున్నారు. "అయితే వద్దులేమ్మా" అన్నారు. తన డెస్క్‌టాప్ వైపు తిరిగి, కౌండిన్యస అని టైపు చేసుకుని తన ఊళ్ళోకి వెళ్ళిపోయారు.

నేను నా గదిలోకి వచ్చి తలుపేసుకున్నాను. డయానా అప్పటికే పొయ్యి దగ్గర ఉంది.

"ఏమన్నారు మాస్టారు?"

"రారట."

"అనుకున్నా. గుమ్మడికాయలు ఇంకా కాయలేదే. ఇవాళ చేప ఒక్కటే ఉంది. అటు తిరుగుతావా?"

"అక్కర్లేదు. పెట్టు."

తన పక్కన అరుగు మీద కూర్చున్నాను. హాల్లో మామయ్యగారి బొమ్మ నీళ్ళలో పడిపోయిన చప్పుడు వినపడింది. హెడ్‌సెట్ చెవులకి సరిగ్గా సర్దుకుని, డయానా పెట్టిన చేప తిన్నాను.